మెట్లు వినే సిస్టరమ్మ

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాసుకోలేదు. మూడేళ్ల కిందట మా నాన్న సిగరెట్లు మానేసిన పన్నెండో రోజున, ఆయన చొక్కా జేబులో సిగరెట్టు పెట్టింది నేనే.

ఆ సిగరెట్టు కథ మా చుట్టాలందరికీ తెలుసు. నాన్నే చెబుతాడు. పోయిన ఆదివారం మౌలాలి చర్చిలో, సిస్టరమ్మ చనిపోయాక పెట్టిన ఆదరణ కూడికలో కూడా చెప్పాడు. ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా అని పాస్టరుగారు అడగడమే ఆలస్యం, లేచి నిలబడ్డాడు.

“నాకు పట్టీ పెట్టి సిగరెట్ మాన్పించింది గీ అమ్మనే. పన్నెండో దినం నేను ఫెయిలైన. పాత చొక్కా జేబుల ఒక్కటి దొరికింది. ఎన్నడు పెట్టుకున్ననో యాదికే లేదు. వంగను సుత వంగలె, పెండ్లికొడుకు లెక్క నిటారుగ నిలబడ్డది. ఇగ ఆగుతనా? తాగిన. మల్ల నేనే ఫోన్ చేసి అమ్మకు చెప్పుకున్న.”

అందరూ నవ్వారు. ఆ కథ విన్నప్పుడల్లా నా చెవులు వేడెక్కుతాయి. ఆ రోజు వేడెక్కలేదు. వెనక వరసలో కూర్చుని, చేతికిచ్చిన కాగితం మీద సిస్టరమ్మ ఫొటో చూస్తూ ఉన్నాను. ఫొటోలో ఆమె మన వైపే సూటిగా చూస్తోంది. అది ఆమె పోలిక కాదు. ఆమె తల ఎప్పుడూ కొంచెం కుడివైపుకు, తలుపు వైపుకు వంగి ఉండేది. మనిషిని చూసేముందు వినడం ఆమె అలవాటు.

చాలా ఏళ్లు ఛాతీ వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. మౌలాలిలో లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో ఒక్కతే ఉండేది. సిగరెట్టు మానాలనుకునేవాళ్లకు డాక్టర్లు నికోటిన్ పట్టీలు రాసిచ్చి, “ఇవి ఎలా వాడాలో ఆమెనడగండి” అని అక్కడికి పంపేవారు. శనివారం మధ్యాహ్నం తలుపు బార్లా తీసి, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. కింద నుంచి ఆమె గుమ్మానికి యాభై నాలుగు మెట్లు. ఎక్కేవాళ్ల అడుగులు ఎక్కడ ఆగాయో, ఎంతసేపు ఆగాయో వినేది. మెడలో స్టెతస్కోపు లేదు. గోడ మీద పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు లేవు. చర్చి వాళ్లిచ్చిన క్యాలెండరు ఒకటే ఉండేది.

నాన్న మొదటిసారి ఎక్కినప్పుడు నేను వెనకే ఉన్నాను. మూడుసార్లు ఆగాడు. పైకి చేరాక గుమ్మం బయట వంగి, చెప్పులు విడిచి, జత కలిపి, మళ్లీ విడదీసి మళ్లీ కలుపుతున్నాడు.

“చెప్పులు సర్దింది చాల్లే నాయనా. ముందు ఊపిరి సర్దుకో,” అంది లోపలినుంచి, కళ్లు తెరవకుండానే. “మూడుసార్లు ఆగావు. రెండోసారి గోడ పట్టుకున్నావు.”

నాన్న నా వైపు చూశాడు, నేనేదో ముందే చేరవేసినట్టు. నేను కొత్తవాళ్లతో మాట్లాడే రకం కాదని ఆయనకు తెలుసు. అయినా చూశాడు.

మా నాన్న బుక్ బైండరు. బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఒక షట్టరు గది ఆయన దుకాణం. కాలేజీ పిల్లల థీసిస్‌లు, బడి రిజిస్టర్లు, చినిగిన పాత పుస్తకాలు కుడతాడు. మిగిలిన కాగితాలతో ఏటా నాకొక డైరీ కుట్టి ఇస్తాడు. ఆ డైరీలన్నిటికీ ఒకటే వాసన ఉండేది: బంక, దాని వెనకాల సిగరెట్టు. పెదవుల మధ్య సిగరెట్టు, చేతిలో సూది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న అంటే ఆ బొమ్మే. ఆయాసం పెరిగి పరీక్షలు చేయించాక డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఇవాళ మానేస్తే మిగిలిందైనా మిగులుతుంది, మానకపోతే త్వరలోనే ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలి అని. ఆ మాట విన్నాక అమ్మ మిషను పట్టే చోటు కోసం గది మూలలు చూడటం గమనించాను.

సిస్టరమ్మ సిగరెట్టును తిట్టేది కాదు. మా ముందు వచ్చిన ఒకాయన చెంపలు వేసుకుంటూ, “పొగాకంత పాపిష్టిది ఇంకోటి లేదు సిస్టరమ్మా” అంటే ఆమెకు కోపం వచ్చింది.

“ఆకునేమీ అనబాకు. ఆ ఆకే నన్ను చదివించింది. కాల్చమని అది నీ కాళ్లు పట్టుకుందా?”

ఆమెది ఒంగోలు దగ్గర పల్లె. వాళ్లమ్మ పొగాకు చేలల్లో కూలికి పోయేది. పదేళ్ల వయసులో ఈమె కూడా తెల్లారగట్ల మంచుకు తడిసిన పచ్చి ఆకును భుజాన మోసుకుని, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గరికి చేర్చేదట. భుజం మీద గౌను తడిసిపోయేది. పొద్దెక్కేసరికి తల తిరిగి వాంతులయ్యేవి. ఒక్క దమ్ము పీల్చని పిల్లకు పొగాకు ఎక్కేది.

“తోలులోంచి ఇది లోపలికి ఎట్టా పోద్దో డాక్టర్లు పుస్తకాల్లో చదివారు. నేను భుజాన మోసి చదివా,” అనేది, అదే భుజం తడుముకుంటూ. ఆ తర్వాత పట్టీ తీసి చూపించేది. “ఇదిగో, అదే మందు. అప్పుడు నాకు వద్దన్నా ఎక్కింది. ఇప్పుడు నీకు కొలత ప్రకారం ఎక్కిస్తా, తర్వాత కొలత తగ్గిస్తా. పొగ ఒక్కటే ఉండదు.”

పట్టీ భుజానికి అంటించి అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టుకునేది. ఆ పది సెకన్లూ ఆమె పెదవులు కదిలేవి. ప్రార్థనో లెక్కో తెలిసేది కాదు. రోజూ ఒకే చోట వేస్తే దురద పెడుతుందని ఒక లెక్క పెట్టింది: సరి తేదీన కుడి భుజం, బేసి తేదీన ఎడమ భుజం. నాన్న కాగితాల మడతలు లెక్కపెట్టే మనిషి, వెంటనే పట్టుకున్నాడు.

“మరి ముప్పై ఒకటి బేసి, తెల్లారి ఒకటి సుత బేసే గదా అమ్మా?”

ఆమె కళ్లు తెరిచి, మొదటిసారి ఆయన్ని నిజంగా చూసింది. “ఇన్నేళ్లలో ఈ మాట అడిగినోడివి నువ్వొక్కడివే. ఒకటో తారీకు వీపుకి వెయ్యి.”

మనుషులు చేసే తప్పుల్ని ఆమె కథలు కథలుగా చెప్పేది. ఒక ఆటో డ్రైవరు పట్టీని కత్తెరతో సగానికి కోసి, సగం తను వేసుకుని సగం బామ్మర్దికి ఇచ్చాడట. “ఇద్దరం ఒకటేసారి షురూ చేసినం సిస్టరమ్మా, ఖుషీగున్నది” అన్నాడట. “ఒక కంచంలో తినండి నాయనా, ఒక పట్టీ పంచుకోబాకండి. కోస్తే దాంట్లో మందు పాడైపోద్ది” అని మొదటి నుంచి చెప్పాల్సి వచ్చిందట. సిగరెట్టు కోరికను ఆమె చుట్టం అనేది. “మూడు నాలుగు నిమిషాలు కూర్చుంటది. కాఫీ ఇవ్వకపోతే లేచిపోద్ది. నువ్వు దాంతో మాట కలపబాకు, అంతే.”

మొదటి వారం నాన్న బాగానే ఉన్నాడు. రెండో శనివారం మెట్ల మీద రెండుసార్లే ఆగాడు. అప్పుడు మే నెల. ఆ మర్నాటి నుంచి చుట్టం లేచిపోవడం మానేసింది.

తొమ్మిదో రోజు, పదో రోజు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. పదకొండో రోజున, ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఒక పరిశోధక విద్యార్థి థీసిస్‌కు అట్ట తలకిందులుగా వేశాడు. బంగారు అక్షరాల పేరు ఒకవైపు, లోపలి కాగితాలు ఇంకోవైపు. ఆ అబ్బాయి దుకాణం ముందు నిలబడి అరిచి, థీసిస్ తీసుకుని వెళ్లిపోయాడు. నేను అన్నం డబ్బా తీసుకుని వెళ్లేసరికి నాన్న మెట్టు మీద కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు.

“గీ చేతులు నావి కానట్టున్నయ్ బిడ్డా,” అన్నాడు.

ఆయన కోప్పడితే తట్టుకునేదాన్ని. గిన్నె విసిరినా తట్టుకునేదాన్ని. ఈ మాట తట్టుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున, నాన్నను ఎరిగిన మా గల్లీ పాన్ డబ్బాకు కాకుండా, రెండు వీధుల అవతలి డబ్బాకు వెళ్లాను. ఆయన తాగే సిగరెట్టు పేరు నోటితో చెప్పలేక, పాత పెట్టె మీది బొమ్మ ముక్క చూపించాను. “ఒక్కటేనా?” అన్నాడు డబ్బా ఆయన. తలూపాను. దాన్ని నా పెన్నుల రేకు పెట్టెలో వంగకుండా పెట్టుకుని ఇంటికి తెచ్చాను. చేతికివ్వడం నా వల్ల కాదు. ఆ మధ్యాహ్నం నాన్న ఆ విద్యార్థి దగ్గరికి వెళ్లి, క్షమించమని అడిగి, థీసిస్ వెనక్కి తెచ్చి మళ్లీ కుట్టాలనుకున్నాడు. దానికోసం వేసుకోబోయే గీతల చొక్కా తలుపు వెనక కొక్కేనికి ఉంది. దాని జేబులో పెట్టాను. ఆయనే మరిచిపోయి ఎప్పుడో దాచుకున్నట్టు దొరుకుతుంది కదా అనుకున్నాను. అది అమ్మ రెండు రోజుల ముందు ఉతికి, ముందు రోజే ఇస్త్రీ చేయించిన చొక్కా. అంత తెలివి నాది.

నాన్నకు అది దొరికింది. డాబా మీదికెళ్లి తాగాడు. దిగివచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన మొహంలో నేననుకున్న నెమ్మది లేదు. ఓడిపోయిన మనిషి మొహం ఉంది. ఫోన్ తీసుకుని, “సిస్టరమ్మా, తప్పు చేసిన. చొక్కా జేబుల ఒకటి దొరికితె తాగిన. నాతోని కాదు. ఇగ విడిచిపెడుతున్న” అన్నాడు. ఆయన విడిచిపెడతానన్నది సిగరెట్టును కాదు, పట్టీని. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మూలన ఆక్సిజన్ మిషను నేనే తెచ్చి పెట్టినట్టు అనిపించింది.

మూడు గంటలకల్లా మా గల్లీలో ఆటో ఆగింది. చర్చికి తప్ప ఎక్కడికీ కదలని సిస్టరమ్మ, చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, నీళ్లు కూడా అడగకుండా, “ఏదీ, ఆ చొక్కా ఎక్కడ?” అంది.

నాన్న విప్పి ఇచ్చాడు. “పాత చొక్కా అమ్మా. ఎన్నడు పెట్టుకున్ననో. వంగను సుత వంగలె.”

ఆమె జేబు మడత మీద వేలు రాసింది. మడత ఇంకా పదునుగా ఉంది. “దీన్ని ఎప్పుడు ఉతికావమ్మా?” అని అమ్మను అడిగింది.

“ఏమో సిస్టరమ్మా, యాదికి లేదు,” అని అమ్మ పొయ్యి వైపు తిరిగింది.

చొక్కాలు ఉతకని మనిషికి జేబులో మరిచిపోయింది ఉతుకులో ఏమవుతుందో తెలియకపోవచ్చు. సిస్టరమ్మకు తెలియదా? సిస్టరమ్మ నా వైపు ఒకసారి చూసి, చొక్కా మంచం మీద పడేసి, నాన్నతో, “చెయ్యి చాపు” అంది.

భుజం మీద పట్టీ అంచు గోటితో ఎత్తింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. చర్మంతో సహా లేచింది. పట్టీ కింద తెల్లగా, మందంగా, ఎండిపోయిన పొర.

“ఏందిది?”

నాన్న నేల చూపులు చూశాడు. “చెమటకు ఊడిపోతున్నది అమ్మా. కంపెనోళ్లకు బంక సక్కగ పెట్టస్తలేదు. అందుకని నేనే జెర...”

“నువ్వే?”

“మైదా బంక. పురుగు పట్టకుండ మైలుతుత్తం సుత కలుపుత. నేను అంటించిందేదీ ఇప్పటిదాంక ఊడలె.”

సిస్టరమ్మ పట్టీని వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఒళ్లంతా కదిలిపోయేలా, కళ్ల నీళ్లు కొంగుతో ఒత్తుకుంటూ నవ్వింది. “ఓరి నాయనా! మందుకీ తోలుకీ మధ్యన గోడ కట్టావు కదయ్యా! నాలుగు రోజుల్నుంచి నువ్వు పట్టీ లేకుండానే మానేశావు. నీ అంత మొండోడు ఈ సికింద్రాబాదులో లేడు. పైగా నీ వల్ల కాదంటున్నావా?”

నాన్నకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన కూడా నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, దగ్గు అయ్యాక మళ్లీ నవ్వాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పొద్దుటి నుంచీ పీల్చలేదేమో.

ఎర్రబారిన చోటు కడిగించి, రెండో భుజం సబ్బుతో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి కొత్త పట్టీ వేసింది. ఊడిపోయేలా ఉంటే అంచుల మీద పై నుంచి టేపు వేయమంది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలా అని నాన్న అడిగితే, “పన్నెండో రోజు పన్నెండో రోజే. దాన్నెవరూ ఎత్తుకుపోలేదు” అంది. వెళ్తూ వెళ్తూ, అక్కడ నేనున్నట్టు అప్పుడే గుర్తొచ్చినట్టు, “రేపట్నుంచి పట్టీ వేసేది ఈ పిల్ల. నువ్వు ముట్టుకోబాకు. నీ చెయ్యి పడితే బంకే” అంది.

అలా ఆ పని నాదైంది. పొద్దున మొదటి చాయ్‌తోపాటు పట్టీ. పాతది జిగురు లోపలికి వచ్చేలా మడిచి, కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని కొత్తది వేసేదాన్ని. అరచేయి అదిమిపెట్టి, ప్రార్థన రాదు కనుక, చైత్రం వైశాఖం అని మనసులో పది నెలల పేర్లు చదువుకునేదాన్ని. నాన్నా నేనూ అంత దగ్గరగా అంతకుముందు కూర్చున్న గుర్తు లేదు. ఒకటో తారీకున వీపు తిప్పి, “ఇయ్యాల వీపుది” అనేవాడు. ఆ పది పేర్లలో ఏదో ఒక నెల దగ్గర నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మాఘం వచ్చేదాకా ధైర్యం వచ్చేది కాదు, మాఘం పదకొండో నెల.

పట్టీ సైజు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగిపోయింది. ఒక శనివారం యాభై నాలుగు మెట్లు ఆగకుండా ఎక్కాడు, నెమ్మదిగానే. సిస్టరమ్మ కళ్లు మూసుకునే, “ఇంకో బిల్డింగు చూసుకో, ఇది నీకు పొట్టిదైపోయింది” అంది. పోయిన నెల కూడా డాక్టరు పరీక్ష చేసి, మిగిలింది మిగిలే ఉందన్నాడు. అమ్మ గది మూలలు చూడటం మానేసి చాలా రోజులైంది. అక్కడ ఇప్పుడు నా పుస్తకాల ర్యాకు ఉంది.

సిస్టరమ్మకు కిడ్నీలు చెడ్డాయని తెలిశాక నాన్న ఆమె పాటల పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు. వీపు విరిగిపోయి, పేజీలు రాలిపోతున్న పాత పుస్తకం. మూడు రోజులు కూర్చుని కొత్తగా కుట్టి, నల్ల క్యాలికో గుడ్డ అట్ట వేసి, నా చేతికిచ్చి పంపాడు. ఆమె చనిపోవడానికి ఇంకో పది రోజులే ఉన్నాయి. అప్పుడది మాకు తెలియదు.

ఆ రోజు మెట్లెక్కుతూ, ఇవాళ చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. రెండో అంతస్తులో కాళ్లు ఆగిపోయాయి. ఎలా మొదలుపెట్టాలో కూర్చుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. పైన ఆమె మంచాన్ని తలుపు దగ్గరికి జరిపించుకుంది. నేను గుమ్మంలోకి రాగానే సన్నటి గొంతు వినిపించింది.

“రెండో అంతస్తులో ఆగావేంది? నీ ఊపిరికేం రోగం?”

నేను పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమె తెరవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని అట్ట వాసన చూసింది. తర్వాత మధ్యలో ఒక పేజీ తెరిచి మళ్లీ చూసింది.

“బంక ఒక్కటే,” అంది, తృప్తిగా. “పొగ లేదు.”

“సిస్టరమ్మా, మీకు ఒక మాట...”

“చొక్కా సంగతేనా?”

తలూపాను.

“ఇస్త్రీ మడత నలగలేదు, సిగరెట్టు వంగలేదు. ఆ రోజే తెలుసు. మీ అమ్మకీ తెలుసు. పొయ్యి వైపు తిరిగి నవ్వాపుకుంది చూడలా? తెలియంది మీ నాన్నొక్కడికే.”

“మరి అప్పుడే ఎందుకు అడగలేదు?”

“అడిగితే నువ్వు ఏడుస్తావు. మీ నాన్న నిన్ను ఊరుకోబెడతా కూర్చుంటాడు. ఇంతలో ఆ చుట్టం వచ్చి లోపల కూర్చుంటది. అందుకే పట్టీలు నీ చేతికిచ్చా.” కాసేపు ఆయాసపడింది. “నువ్వు చేసింది మంచి పనని కాదు పిల్లా. కానీ అది పెట్టకపోతే మీ నాన్న నాకు ఫోన్ చెయ్యడు, నేను రాను, ఆ బంక చూడను. ఇంకో రెండు రోజులకి పెట్టె కొనుక్కునేవాడు.”

నేను మంచం అంచున కూర్చున్నాను. మూడేళ్లుగా మోస్తున్నది అంత తేలిగ్గా దిగిపోతుందని అనుకోలేదు. ఏడుపు కూడా రాలేదు.

“నాన్నకు చెప్పనా?”

“నీ ఇష్టం. చెప్తే నవ్వుతాడు. తర్వాత ఆ కథని ఇంకాస్త పొడుగు చేసుకుని చెప్పుకుంటాడు.”

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకుని గుమ్మం బయటికి వచ్చాను. వేసుకోబోయే చెప్పుల్ని ఊరికే, అవసరం లేకుండా, ఒకసారి జత కలిపాను. లోపలినుంచి మాట వచ్చింది.

“చెప్పులు సర్దింది చాల్లే. దిగేటప్పుడు ఎక్కడా ఆగబాకు. నేను వింటా ఉంటా.”